మూడో కుర్చీకి వరస విడుపు

మొదటి రాత
వైశాఖ అమావాస్య వెళ్ళిన మర్నాడు

సెలక్షను కమిటీ అయ్యలకి తాళ్ళూరి హర్షవర్ధన్ రాసేది. ఊళ్ళో హర్షయ్య ఇల్లెక్కడ అని అడిగితే చూపిస్తారు.

ముందు నా సంగతి రాసి, తర్వాత మీరడిగింది రాస్తా. పదమూడేళ్ళుగా ఇది నా గొంతులో చేపముల్లులాగా ఉంది. ఊరి మీది పెద్ద పందిరి నీడ ఏ వీధికి పోవాలో తేల్చే నీడ మండలిలో మూడో కుర్చీ ఖాళీ అయినప్పుడు ఈ ఊరు నా పేరు పంపింది. మొదటి కుర్చీ లా చదివినవాళ్ళది, రెండోది ఇంజినీర్లది, మూడోది నీడ వాడుకునే మనిషిది. ఆ మూడోదానికి అప్పట్లో చదువు అక్కర్లేదు. నలభై దాటాలి, అరవై అయిదు లోపుండాలి, పోలీసు కేసు ఉండకూడదు, నిక్కమైన మనిషని ఊరు చేతులెత్తి చెప్పాలి. ఊరు చేతులెత్తింది. నేను కొత్త పంచె కూడా కొనుక్కున్నా. మీరు ఒక్క ముక్కతో కొట్టేశారు. కొడుకు పందిరి కంపెనీలో తాళ్ళ మీద పనిచేస్తున్నాడు కాబట్టి తగడు, అని.

నన్ను పిలిచి అడిగారా? మా గురవయ్య తాడు లాగితే నేను కంపెనీ వైపు తూగుతానని మీకెవరు చెప్పారు? వాడు గోళీల్లో తొండి చేస్తే పదిమంది ముందు చెవి మెలేసినవాణ్ణి నేను. ఆ మరుసటి ఏడే మీరే కొత్త రూలు తెచ్చారు, చుట్టరికం అడ్డమైతే దాన్ని విడిచి కుర్చీ ఎక్కొచ్చని. ఒక్క ఏడాది ముందు తెస్తే మీ సొమ్మేం పోయేది?

సరే. ఇప్పుడు అదే కుర్చీకి మా అమ్మాయి నాంచారమ్మ పేరు వచ్చింది. పాత పేర్లు మళ్ళీ ముచ్చటైన కాలంలో పుట్టింది గనక ఆ పేరు పెట్టాం. మీరు రెండు పేర్లు ఏరితే, రెండో ఆయన విడుపు నా వల్ల కాదని తప్పుకున్నాడు. మిగిలింది ఈమె. చదువుకీ వయసుకీ నడతకీ మీరు వంక పెట్టలేరు. నీడ అందనివాళ్ళ తరఫున పదిహేనేళ్ళు వాదించింది. అడ్డం ఒక్కటే, ఆనాడు నాకడ్డం పడ్డ గురవయ్యే. వాడిప్పుడు తాళ్ళ మేస్త్రీ.

ఈ ఊళ్ళో ఏ ఇద్దరిని పట్టుకున్నా వరస తేలుద్ది. చుట్టరికం లేని మనిషే కావాలంటే దొరకడు, అందుకే విడుపు పెట్టారు, అది నాకర్థమైంది. పక్షం రోజులు ఆమె నాతోనూ వాడితోనూ వరస విడిచి బతకాలి. వరస పెట్టి పిలవకూడదు, పిలిపించుకోకూడదు, ఇంటి మనిషిగా ఏదీ పెట్టకూడదు, పుచ్చుకోకూడదు. మధ్యలో తప్పితే మళ్ళీ మొదటి నుంచి. నెగ్గితే కుర్చీ. కుర్చీలో ఉన్న అయిదేళ్ళూ అదే తీరు, దిగాక ఇంకో రెండేళ్ళూ అదే తీరు.

ఇంటి పెద్దే సాక్షిగా ఉండి, జరిగింది సొంత చేత్తో రాయాలన్నారు, ఆమె మొదటి ఆర్డరు అమలయ్యేదాకా. నేను పందిరి లేని ఎండ ఏళ్ళలో పుట్టినవాణ్ణి, నాకు మూడో తరగతి అప్పుడే బడికి తాళం వేశారు. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

"నన్నే ఎందుకు పెట్టారు సార్ సాక్షిగా?" అని మీ సెక్రటరీ మనోహర్ గారిని అడిగా.

"విడుపు జరిగిందో లేదో నొప్పి ఉన్నవాళ్ళకే తెలుస్తుందండీ" అన్నాడాయన.

మాట మంచిదే. మనిషి మాత్రం నాకు నచ్చలేదు.

రెండో రాత
విదియ

పొద్దున లేచి అరుగు కడిగా. చాపలు పరిచి కుండలు నింపా. మధ్యాహ్నానికి పడమటి వీధి వాళ్ళు వస్తారు.

కమిటీ అయ్యలు ఎప్పుడైనా వచ్చి మా పందిరి కింద నిలబడ్డారో లేదో నాకు తెలవదు. ఈ గుట్ట నుంచి ఆ గుట్ట దాకా ఒకటే గుడ్డ. స్తంభాల కొసలు చూడాలంటే మెడ పట్టుకుపోద్ది. తాళ్ళ మీద మనుషులు చీమల్లాగా కదులుతుంటారు, అందులో ఒక చీమ నా కొడుకు. నాకు డెబ్బై నాలుగు వచ్చినా రోజూ పొద్దున్నే తలెత్తి చూస్తే నడక ఆగిపోద్ది. మా అయ్య పగలంతా నేల గొయ్యిలో బతికినవాడు. పందిరి ఎత్తిన రోజు గొయ్యి లోంచి పైకొచ్చి, పట్టపగలు నేల మీద నిలబడి, చేతులు చాపి ఏడ్చాడు. నేను ఆయన పంచె అంచు పట్టుకుని ఉన్నా.

పోయిన నెల తూర్పు స్తంభం కుంగింది. పందిరి అటు వాలిపోయింది. అప్పట్నుంచి భోజనాల వేళకి పడమటి వీధి మొత్తం ఎండలో పడుతోంది. మా ఎండ సంగతి మీకు చెప్పాలా, వాకిట్లో పెట్టిన బిందెలో చెయ్యి పెట్టలేం. పందిరి కొంచెం తిప్పితే వాళ్ళకి నీడ వచ్చేస్తుంది. కానీ కంపెనీ వాళ్ళు ఆర్డరు లేకుండా ఒక్క మూర కూడా తిప్పడానికి లేదు. ఒక వీధికి వచ్చే నీడ ఇంకో వీధికి పోయే నీడే కదా, అందుకని ముగ్గురు మెంబర్లూ కూర్చుని సంతకం పెట్టాలని చట్టం. ముగ్గురిలో మూడో ఆయన అరవై అయిదు నిండి దిగిపోయాడు. అదీ సంగతి.

కాబట్టి పడమటి వీధి అంతా మా బజారు వీధి అరుగుల మీదే. నా అరుగుకి పెద్ద లాస్యమ్మ. వరసకి నాకు అక్క. ఎనభై దాటింది, మోకాళ్ళు కదలవు, నోరు మాత్రం బాగానే కదులుద్ది.

"ఒరే హర్షా, నీ చాప గుచ్చుకుంటోందిరా. మీ ఇంట్లో మెత్తటిదేదీ లేదా, నీ మనసులాగా అన్నీ గట్టివేనా?" అంటది.

"మెత్తటివి కావాలంటే మీ వీధికే పో అక్కా" అన్నా.

"పంపించు. నీ కూతుర్ని కుర్చీ ఎక్కించు, ఇప్పుడే పోతా."

నాంచారమ్మ వెనక వసారాలో వేరే పొయ్యి పెట్టుకుంది. గోంగూర తాలింపు వాసన ముందు గదిలోకి వచ్చింది. నేను పచ్చిపులుసు పోసుకుని తిన్నా. ఆమె నన్ను "హర్షవర్ధన్ గారూ" అంటోంది. నేను "మీరు" అంటున్నా. మొదటి రోజు ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇవాళ రాలేదు.

మూడో రాత
పౌర్ణమి ఇంకా రాలేదు, దగ్గర్లోనే ఉంది

తప్పు జరిగింది. రాస్తున్నా.

మధ్యాహ్నం అరుగు నిండా జనం. కుండలో నీళ్ళు అయిపోతే నాంచారమ్మ పంపు దగ్గరికి పోయింది. వాళ్ళ కోసం మోసింది గనక దానికి మీ రూలు అడ్డం రాదని ముందే కనుక్కుంది. పంపుకీ మా ఇంటికీ నడుమ ఇప్పుడు ఎండ ముక్క ఒకటి పడుతోంది. బిందె చంకనెత్తుకుని ఆ ముక్క దాటుతుంటే చెప్పు తెగింది. ఒట్టి కాలు రాయి మీద పడింది. అటు తూలింది.

నేను లేచి నిలబడి "అమ్మడూ!" అని అరిచా.

"ఏం కాలేదు నాన్నా" అంది.

అరుగు మీద అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు, ఉల్లిపాయల సంగతి, పక్కింటి గేదె ఈనిన సంగతి. లాస్యమ్మ దగ్గు రాకపోయినా దగ్గింది. ఒకాయన పైకి చూసి "ఇవాళ గాలి బాగుందే" అన్నాడు. గాలే లేదు. నలభై మంది విననట్టు కూర్చున్నారు. అంతమందికి నా కూతురు కావాలని అప్పుడు తెలిసింది.

నేను లోపలికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నా. నాంచారమ్మ గుమ్మంలో నిలబడింది. కాలికి గుడ్డ కట్టుకుంది.

"రాస్తున్నారా?" అంది.

"రాయకూడదా?"

ఒంగి కాలి గుడ్డ ముడి బిగించుకుంది. "రాయండి" అని పోయింది.

నాలుగో రాత
పౌర్ణమి

మనోహర్ గారు వచ్చి చదివి, విడుపు చెల్లదు, రేపట్నుంచి మళ్ళీ మొదలు అని చెప్పి పోయాడు. పడమటి వీధికి ఇంకో పక్షం ఎండ.

ఊరు నాతో మాట్లాడటం మానేసింది. లాస్యమ్మ మానదు గదా.

"నీ చెయ్యి పడిపోనూ! రాయకుంటే ఏం పోయిందిరా నీకు? నలభై మందిమి నోరు మూసుకున్నాం. నీ ఒక్కడి చెయ్యి ఊరుకోలేకపోయిందా?"

"అబద్ధంతో ఎక్కిన కుర్చీ నీకు నీడ ఇస్తుందా అక్కా?"

"ఎందుకివ్వదు? ఎట్టా ఎక్కితే ఏంది, నీడ నీడే. నా మోకాళ్ళకి నిజం అబద్ధం తెలవదు, ఎండ తెలుసు."

నేను కుండలో నీళ్ళు ముంచి ఆమె ముందు పెట్టా. ఆమె అంతటితో ఆగిందా?

"నీకు దక్కని కుర్చీ నీ కూతురికి దక్కుతోందని కుళ్ళు. అది చెప్పు, ఒప్పుకుంటా."

ఆ మాట మీద నేను రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. అయ్యలారా, సాక్షి రాత నిజమే రాయాలన్నారు గనక రాస్తున్నా. ఆ మాటలో కొంచెం నిజం ఉంది. ఎంతో చెప్పలేను. కానీ నేను కలం పట్టుకున్నది దానికోసం కాదు. "ఏం కాలేదు నాన్నా" అన్న ఆ మాట నలభై మంది చెరిపేస్తుంటే నాకు ఒప్పలేదు. అది జరిగింది. నన్ను పిలిచింది. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా ఆ మాట.

అయిదో రాత
బహుళ పక్షం, ఆదివారం

నాంచారమ్మ పెట్టె సర్దుకుని పడమటి వీధికి మారింది. లాస్యమ్మ ఇంటి పక్కన ఖాళీగా ఉన్న గది తీసుకుంది. జనమంతా ఆ వీధి విడిచి ఇటొస్తుంటే ఈమె అటు పోయింది. భోజనాల వేళ నుంచి తలుపు వేసుకుని, తడి దుప్పటి కిటికీకి కట్టుకుని లోపల కూర్చుంటోందట. "వాళ్ళ ఇళ్ళు మధ్యాహ్నం ఎట్టా ఉంటాయో చూడకుండా ఆర్డరు మీద సంతకం ఎట్టా పెడతా?" అని ఊళ్ళో అందట. నాతో అనలేదు. నా ఇంట్లో ఉంటే మళ్ళీ నోరు జారుతుందని కూడా పోయి ఉంటది. జారేది ఎవరి నోరో ఆమెకి బాగా తెలుసు.

ఇవాళ గురవయ్య స్తంభం దిగి వచ్చాడు. చేతులనిండా తాళ్ళ కాయలు. కూర్చుని చాలాసేపు పీట కోడు గోకుతూ ఉన్నాడు.

"నాన్నా, నేను పని మానేస్తా. కంపెనీలో నేను లేకపోతే ఈ విడుపే అక్కర్లేదు కదా."

"మనోహర్ గారిని అడిగావా?"

"అడిగా. మానేసి రెండేళ్ళు అవ్వాలంట."

"మరి రెండేళ్ళు లాస్యమ్మని ఎండలో కూర్చోమందామా?"

వాడు తల దించుకున్నాడు. "నీ కుర్చీ పోయిందీ నా తాడు వల్లే, దాని నోట్లో పిలుపు పోయిందీ నా తాడు వల్లే."

ఈ పదమూడేళ్ళలో నేను వాడితో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో నాకే తెలవదు. కోపంలో అన్నా, నవ్వుతూ అన్నా, పెళ్ళిళ్ళలో అందరి ముందూ అన్నా. వాడి నోట వింటే బాగోలేదు.

"ఒరే, ఆ తాడు నువ్వు లాగబట్టే నీడలో కూర్చుని నిన్ను తిట్టా. తిను" అన్నా.

తిన్నాడు. పోతూ గుమ్మంలో ఆగి "చెల్లి బాగుందా?" అన్నాడు.

"ఎవరు?" అన్నా నేను, రూలు గుర్తొచ్చి.

వాడికి అర్థమైంది. "నాంచారమ్మ గారు బాగున్నారా?" అన్నాడు. నలభై ఎనిమిదేళ్ళవాడు, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగాడు.

ఆరో రాత
జ్యేష్ఠ అమావాస్య

నెగ్గింది.

పక్షంలో ఆమె నన్ను నాలుగైదు సార్లు వీధిలో చూసింది. చూసిన ప్రతిసారీ "నమస్కారం హర్షవర్ధన్ గారూ" అంది. నేను నమస్కారం పెట్టా. ఒకసారి నా ముందే లాస్యమ్మ కావాలని, "ఏమే నాంచారీ, మీ నాన్న చిక్కిపోయాడే" అని ఎర వేసింది. నాంచారమ్మ నన్ను పైనించి కింద దాకా చూసి, "ఆయన కాస్త మజ్జిగ ఎక్కువ తాగితే మంచిది. చెప్పేవాళ్ళెవరైనా ఉంటే చెప్పమనండి" అంది. నేనది రాస్తున్నా, తప్పో ఒప్పో మీరే తేల్చుకోండి. మనోహర్ గారు చదివి కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, తప్పు కాదు అన్నాడు. ఆ మనిషి మరీ అంత నచ్చనివాడేం కాదు.

సాయంత్రం పడమటి వీధి మొగలో ఊరంతా కూడింది. మీ రూల్లో ఈ తంతు లేదు. ఊరే పెట్టుకుంది. ఒక్కొక్కరు ముందుకొచ్చి తమ వరస అప్పజెప్పారు. "ఇన్నాళ్ళూ నిన్ను కోడలా అన్నా, ఇవాళ్టి నుంచి మెంబరు గారూ అంటా." "పిన్నీ అన్నా, ఇవాళ్టి నుంచి మెంబరు గారూ." చట్టం అడిగింది మా ఇద్దర్నే. ఊరు తనంతట తను విడిచింది, రేపు ఏ వీధివాళ్ళైనా వేలెత్తి చూపకుండా. బావలు, మరదళ్ళు, అత్తలు, చంక పిల్లల తరఫున తల్లులు. ఆమె చేతులు కట్టుకుని నిలబడి ప్రతి ఒక్కరికీ తల వంచింది. ఊరు మొత్తం చుట్టమైన మనిషి పొద్దు వాలేసరికి ఎవరికీ ఏమీ కాకుండా నిలబడింది. ఒక్కతే. అంత ఒంటరిగా, అంత పొడుగ్గా నేను మనిషిని చూళ్ళేదు. పందిరి స్తంభంలాగా ఉంది.

చివర్న నేను. ఏం చెప్పాలో వారం నుంచి అనుకుంటున్నా. "మెంబరు గారూ" అన్నా. అంతే అన్నా.

ఏడో రాత
ఆషాఢం, విచారణ రోజు

ఆమె ప్రమాణం అయింది. ఇవాళ ముగ్గురూ మార్కెట్టు షెడ్డులో విచారణకి కూర్చున్నారు. నడుమ చైర్మన్ గారు, ఒక పక్క ఇంజినీరాయన, ఒక పక్క ఈమె. పందిరి తిప్పితే మా బజారు వీధికి పొద్దుటి నీడ పోద్ది. కూరగాయలవాళ్ళ గొడవ. మా వీధి తరఫున ఎవరు మాట్లాడాలి అంటే నా పేరే చెప్పారు. కూతురు కుర్చీలో ఉందని వెనక్కి పోతే నన్ను హర్షయ్య అంటారా? పోయా. ఆ పాత కొత్త పంచె కట్టుకుని పోయా.

"తాళ్ళూరి హర్షవర్ధన్ గారు. అయిదు నిమిషాలు" అంది ఆమె, కాగితం చూసి.

నేను గట్టిగానే మాట్లాడా. మా వీధి ఏం పాపం చేసింది, ఇన్నాళ్ళూ వాళ్ళకి అరుగులిచ్చాం, నీళ్ళిచ్చాం, ఇప్పుడు మా పొద్దుటి నీడ తీసుకుంటారా, అంతగా అయితే సగం తిప్పండి, అన్నా. వెనక మావాళ్ళు చప్పట్లు కొట్టారు.

"సగం తిప్పితే పడమటి వీధిలో ఎండలో మిగిలే ఇళ్ళు ఏవండీ?" అని అడిగింది.

"చివరివి."

"చివరి ఇల్లు ఎవరిది?"

"లాస్యమ్మది."

"ఆమె ఇప్పుడు మధ్యాహ్నం పూట ఎక్కడ కూర్చుంటున్నారు?"

"నా అరుగు మీద."

"సగం తిప్పాక ఎక్కడ కూర్చుంటారు?"

షెడ్డు మొత్తం నా నోటి వంక చూస్తోంది. "నా అరుగు మీదే" అన్నా.

"ఎన్నేళ్ళు కూర్చోవాలంటారు?"

నేను భుజం మీది తువ్వాలు సర్దుకున్నా.

"ఇంకేమన్నా చెబుతారా హర్షవర్ధన్ గారూ? ఇంకా రెండు నిమిషాలున్నాయి."

"లేదండీ" అని కూర్చున్నా. పదిమందిలో ఓడిపోయి కూర్చోవడం నాకు అలవాటు లేదు. అయినా ఒళ్ళంతా పులకరించింది. ఆమె గొంతులో నా మీద దయ లేదు, పగ లేదు. ఎదురుగా ఉన్నది ఎవరైనా అదే గొంతు. ఆ కుర్చీలో నేనుండి, నిలబడింది గురవయ్య అయితే, నా గొంతు అట్టా ఉండేదా? వాడి చెవి మెలేసేవాణ్ణి, నేను నిక్కమని చూపించుకోడానికి. వాడికి రావలసిందానికన్నా ఒక పిడికెడు తక్కువే ఇచ్చేవాణ్ణి. అది కూడా తూగడమేనని ఇవాళ తెలిసింది. మీరు నన్ను పిలిచి అడగకపోవడం తప్పే, అందులో మార్పు లేదు. కొట్టెయ్యడం తప్పో కాదో ఇక నేను మాట్లాడను.

ఆర్డరు సాయంత్రానికి వచ్చింది. పూర్తిగా తిప్పమని. మా కూరగాయలవాళ్ళకి పొద్దున పూట అంగడి చోటు పడమటి వీధిలో ఇమ్మని. ముగ్గురి సంతకం.

ఎనిమిదో రాత
పందిరి తిప్పిన రోజు

ఇది ఎట్టా రాయాలో నాకు తెలవదు. చదువుకున్నవాడైతే బాగా రాసేవాడు.

పందిరి తిప్పేటప్పుడు, ఆర్డరు మీద సంతకం చేసిన మెంబర్లలో ఒకరు నీడ అందాల్సిన ఆఖరి చోట, ఎండలో నిలబడాలి. నీడ తన కాళ్ళని దాటేదాకా కదలకూడదు. అది పందిరి పుట్టినప్పటి నుంచి ఉన్న పద్ధతి. నాంచారమ్మ నేను నిలబడతా అంది. భోజనాల వేళ దాటాక లాస్యమ్మ ఇంటి ముందు, గొడుగు లేకుండా, నెత్తిన కొంగు వేసుకుని నిలబడింది.

నేను తువ్వాలు చల్లనీళ్ళలో ముంచి తెచ్చా. తెచ్చాక గుర్తొచ్చింది, మెంబరుకి ఎవరూ ఏదీ ఇవ్వకూడదు. తడి తువ్వాలు కూడా ఇవ్వడమే. దాన్ని పట్టుకుని అక్కడే నిలబడిపోయా. నీళ్ళు నా మోచేతి మీదుగా కారి నేల మీద పడకముందే ఎండిపోతున్నాయి. ఆమె మొహం ఎర్రగా అయింది. పెదాలు పగిలాయి. నా వంక చూళ్ళేదు.

నేను తువ్వాలు నా నెత్తిన వేసుకోలేదు. పక్కన పారేశా. పోయి ఆమెకి నాలుగు అడుగుల దూరంలో ఎండలో నిలబడ్డా. వీధిలో నీడ వాడుకునేవాడు నిలబడకూడదని ఏ రూలూ లేదు.

"హర్షవర్ధన్ గారూ, మీరు లోపలికి వెళ్ళండి" అంది.

"అది ఆర్డరా అండీ?"

"కాదు."

"అయితే ఉంటా."

పైన కొమ్ము ఊదారు. గురవయ్యది ఆ కొమ్ము. నాకు కనపడదు, తెలుసు. గుట్ట మీద తాళ్ళవాళ్ళంతా ఒక్క గొంతుతో అరిచారు. ముందు ఏమీ కదల్లేదు. తర్వాత ఆకాశంలో ఏదో ఒళ్ళు విరుచుకున్న చప్పుడు. అయ్యలారా, అంత గుడ్డ కదిలితే కాళ్ళ కింద నేల కదిలినట్టుంటది. గుట్టలు రెండూ తిరుగుతున్నాయా అనిపించింది. నేను లాస్యమ్మ గోడ పట్టుకున్నా, అరచెయ్యి కాలింది.

వీధి ఆ చివర నీడ వచ్చింది. మనిషి నడిచినట్టే వచ్చింది. ముందు గేదెలకి తెలిసింది, మెడలెత్తాయి. ఒక ఇల్లు దాటింది. ఆ ఇంటివాళ్ళు వెనకాలే నడిచి వచ్చారు, నీడతో పాటు, దాన్ని తొక్కకుండా. ఇంకో ఇల్లు. వాళ్ళూ కలిశారు. పెళ్ళి ఊరేగింపు చూశా, శవాల ఊరేగింపు చూశా, దేవుడి ఊరేగింపు చూశా. నీడ ముందు నడుస్తుంటే ఊరు వెనక నడవడం ఇప్పుడే చూశా. కోళ్ళు సాయంత్రమైందనుకుని గంపల్లోకి దూరాయి.

లాస్యమ్మని కుర్చీతో సహా నలుగురు మోసుకొచ్చారు. నీడ ఆమె గడప మీదికెక్కినప్పుడు ఒంగి చేత్తో గడపని తాకింది. "చల్లబడుతోందిరా" అంది, ఎవరితోనో.

తర్వాత నీడ నా కాళ్ళ మీదికి వచ్చింది. తర్వాత ఆమె కాళ్ళ మీదికి. పాదాలు, చీర కుచ్చిళ్ళు, కట్టుకున్న చేతులు, మొహం. అప్పుడు కళ్ళు మూసుకుంది. మా అయ్య చేతులు చాపి ఏడ్చింది ఎందుకో నాకు ఇన్నాళ్ళకి తెలిసింది.

కళ్ళు తెరిచి నన్ను చూసింది. పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు. ఏమందో నేను రాయను, ఎందుకంటే నేను వినలేదు, చూశానంతే. సాక్షి విన్నదే రాయాలి.

చివరి రాత
మర్నాడు

ఆర్డరు అమలైంది గనక నా పని అయిపోయింది. ఇంకొక్క సంగతి.

మీ రూలు పుస్తకం మనోహర్ గారి చేత మొదటి నుంచి చివరి దాకా చదివించుకున్నా. మెంబరు ఏం చదివి ఉండాలో ఉంది. ఎవరు ఏరాలో ఉంది. ఎన్నేళ్ళకి దిగాలో, ఏం పుచ్చుకోకూడదో, తప్పు చేస్తే ఎట్టా తీసెయ్యాలో అన్నీ ఉన్నాయి. మెంబరు విడిచిపెట్టిన మనిషి మధ్యలో చచ్చిపోతే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. మళ్ళీ చదవమన్నా. లేదు.

అయిదూ రెండూ ఏడేళ్ళు. నిన్న ఎండలో నిలబడ్డాక గుండె ఇంకా కుదురుకోలేదు. నాకు భయమేం లేదు. ఏడేళ్ళు ఉంటానని మాత్రం రాసివ్వలేను.

అందుకని అడుగుతున్నా. నన్ను వాకిట్లో పడుకోబెట్టిన రోజు, ఆమె మెంబరుగా వచ్చి దండ వేసి పోవాలా? లేక నా తల దగ్గర కూర్చుని నాన్నా అని ఏడవొచ్చా? ఏడిస్తే ఆమె ఇచ్చిన ఆర్డర్లు చెల్లవంటారా? నిన్న వచ్చిన నీడ వెనక్కి పోద్దా? పోయేటట్టయితే ఏడవొద్దని నేనే ముందు చెప్పి పోతా, ఆమె ఆగుతుంది, ఆ గట్టితనం నేను చూశా. పోనట్టయితే ఆ ఒక్క పూటకి ఆమె నోరు కట్టెయ్యడానికి మీకు హక్కు లేదు. నాకెటూ వినపడదు. అడుగుతోంది ఆమె కోసం. ఆమె నోరు తెరిచి అడగదు, అడిగితే తన కోసం అడిగినట్టవుద్దని.

శ్రావణంలో మొదటి శుక్రవారం, పొద్దు వాలేలోపు జవాబు కావాలి. ఔననో కాదనో చాలు. కాదనే పనైతే, కాదన్నది ఎవరో పేరు కూడా రాయండి.